ముందుచేయి

ముందు అక్షరం తెర మీదికి వచ్చింది. దాని తరువాతనే దమయంతి వేలు మీట మీద పడింది. క్రమం తలకిందులైన ఆ క్షణాన్ని భాస్కరం కాఫీ గ్లాసు పట్టుకుని బల్ల పక్కన నిలబడి చూశాడు. చూసినదాన్ని నమ్మలేక గ్లాసును కిటికీ గూట్లో పెట్టాడు.

"మళ్ళీ కొట్టు," అన్నాడు భార్యతో.

"ఏం కొట్టమంటారు?"

"ఏదైనా. దానికి తెలీకుండా కొట్టు చూద్దాం."

"నాకు తెలిస్తే దానికి తెలిసిపోతుందిట. నాకే తెలీకుండా కొట్టాలంటే నా బదులు మీరొచ్చి కూర్చోవాలి."

బల్ల కింద మోకాళ్ళ మీద వంగి తీగలు సర్దుతున్న కూతురు నీరజ నవ్వింది. "రెప్పపాటే తేడా నాన్నా. అమ్మ అనుకున్నమాట భుజం దగ్గర బయల్దేరి వేలిదాకా రావాలి కదా. దారిలో మోచేతి కిందే మనం దాన్ని పట్టుకుని తెర మీద పెట్టేస్తున్నాం. వేలు వచ్చేసరికి పని అయిపోయింది."

"అంటే మీ అమ్మ చేతికంటే ముందు ఇంకో చేయన్నమాట."

ఆ మాటతోనే పరికరానికి పేరు స్థిరపడింది. విశాఖపట్నంలో నీరజ పనిచేసే నాడీసంకేతాల ప్రయోగశాల దస్త్రాల్లో దానికి పొడవైన పేరొకటి ఉండేది. వారం తిరక్కుండా అక్కడివాళ్ళు కూడా దాన్ని ముందుచేయి అనే పిలవసాగారు. చూపుకు అది మణికట్టు నుంచి మోచేతి కిందివరకు చుట్టే మెత్తని బూడిదరంగు పట్టీ. పక్షవాతంతో వేళ్ళు కదలనివారి చేత రాయించడం దాని లక్ష్యం. అయితే వేళ్ళు కదలనివారి నుంచి అది నేర్చుకోలేదు. చక్కగా కదిలే చేయి ఒకటి, ప్రతిరోజూ, ఒకే చోట కూర్చుని, చాలా కాలం రాయాలి. అలాంటి చేయి నీరజకు సొంత ఇంట్లోనే ఉంది. తర్కశాస్త్రం బోధించి పదవీవిరమణ చేసిన దమయంతి, కనబడినదాన్ని బట్టి కనబడనిదాన్ని తేల్చే అనుమాన ప్రమాణం మీద ఒక పెద్ద గ్రంథం రాస్తూ, ఉదయం స్నానం నుంచి మధ్యాహ్నం భోజనం వరకు ఆ బల్ల ముందు నుంచి లేచేది కాదు.

పరికరం నేర్చుకుంది. మొదట అక్షరం ముందుండేది, తరువాత పదం, రెండో ఏడు వచ్చేసరికి వాక్యం. దమయంతి చేతి నరాల నుంచి అందే సంకేతంతో పాటు ఆమె అంతకుముందు రాసిన వేల పుటల తీరును కూడా అది కలిపి చూసుకునేది. దాంతో ఏ పదం తరువాత ఆమె ఏ పదం వేస్తుందో, ఎక్కడ వాక్యాన్ని ఆపుతుందో, సంకేతం పూర్తిగా అందకముందే పూరించేది. ఎంత భాగం నరాలదో, ఎంత భాగం పూరణమో విడదీయడం అవసరమని ఆ రోజుల్లో ఎవరికీ తోచలేదు. వచ్చిన వాక్యం ప్రతిసారీ సరైనదే అయినప్పుడు దాన్ని విడదీసి చూసేవారు ఉండరు.

విడదీయాలని మొదట ప్రయత్నించినది దమయంతి.

"ఒక సందేహం," అంది ఒక ఆదివారం, బీరకాయ చెక్కు తీస్తున్న కూతురితో. "వాక్యం నా కళ్ళ ముందుకు వచ్చేస్తోంది. చదువుతాను. బాగుంటుంది. నేను అనదలచుకున్నది అదే అనిపిస్తుంది. కానీ అనదలచుకోవడం ముందు జరిగిందా, అనిపించడం ముందు జరిగిందా?"

"రెండూ ఒకటే కదమ్మా. ఫలితం నీదే."

"ఫలితం సంగతి కాదే అడిగింది. నువ్వు సంతకం పెట్టిన కాగితం అంతా నువ్వు రాసినదవుతుందా?"

"పోనీ నచ్చని వాక్యం వస్తే కొట్టేస్తున్నావా లేదా?"

దమయంతి బీరకాయ చెక్కులు ఒక పక్కకు ఊడ్చింది. "ఈ మధ్య కొట్టేయాల్సిన వాక్యం రాలేదు. నా దిగులు అదే."

నీరజ దాన్ని పరికరానికి దక్కిన ప్రశంసగా తీసుకుంది. మరునాడు ప్రయోగశాలలో స్నేహితురాలు రెహానాకు ఉత్సాహంగా చెప్పింది కూడా. రెహానా ఒకప్పుడు దమయంతి దగ్గర ఎం.ఏ. చదివి, ఆ తరువాత కంప్యూటర్ల వైపు మళ్ళిన మనిషి. ఆమె నవ్వలేదు. "మేడమ్‌కి నచ్చని వాక్యం లేకపోవడమా? మా పరీక్ష పేపర్లలో మేడమ్ ఎర్ర ఇంకు తప్ప మా నల్ల ఇంకు కనబడేది కాదే బాబూ," అంది. అంతలో ఎవరో పిలవగా వెళ్ళిపోయింది.

ఆ నెలలోనే మరొకటి జరిగింది. ఇస్త్రీకి ఇవ్వవలసిన బట్టల లెక్క చీటీ మీద రాయబోయి దమయంతి కలం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పట్టీ చేతికి లేదు. కాగితం మీదికి మాట దానంతట అది వస్తుందని చేయి ఎదురుచూస్తున్నట్టు ఆమెకే అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. ఇస్త్రీ అతను గుమ్మంలో నుంచి, "ఏటమ్మా, నోటితో చెప్పీండి, నాకు గుర్తుంటాది," అన్నాడు. ఆమె నోటితోనే చెప్పింది. ఆ సంగతి కూతురికి చెప్పలేదు.

దమయంతికి మెదడులో రక్తస్రావం జరిగిన ఉదయం భాస్కరం హాల్లో పేపరు చదువుకుంటున్నాడు. అక్కడి నుంచి అతనికి భార్య వీపు, ఆమె భుజం మీదుగా తెరలో ఒక మూల కనిపిస్తాయి. తల కాస్త పక్కకు వాలినట్టుంది. పిలవాలనుకున్నాడు. కానీ తెర మీద అక్షరాలు వరుస తరువాత వరుసగా సాగుతున్నాయి. రాస్తున్నప్పుడు పలకరిస్తే ఆమెకు నచ్చదు. పెళ్ళయిన నాటి నుంచి అతను పాటించిన నియమం అది. అందుచేత పిలవలేదు. పేపరు లోపలి పుటకు తిప్పాడు. అక్షరాలు ఆగిన తరువాత కూడా, ఆలోచిస్తోందనుకుని మరికాస్త ఆగాడు.

మెదడులో ఎడమవైపు ఒక రక్తనాళం బుడగలా ఉబ్బి, ఆ ఉబ్బు నుంచి నెత్తురు కారింది. ప్రాణం దక్కింది. కుడిచేయి బరువెక్కింది. మాట మిగిలింది గాని దాని గురి తప్పింది. "తలుపు, తలుపు" అని ఆమె ఆత్రంగా అంటే వాళ్ళు ఆసుపత్రి గది తలుపు తీశారు, వేశారు, మళ్ళీ తీశారు. నర్సు వచ్చి గ్లాసుతో నీళ్ళు నోటికందించాక గాని ఆమె అడిగినది నీళ్ళని తెలియలేదు.

భాస్కరం కూతుర్ని వరండాలోకి తీసుకెళ్ళాడు. "నీరజా, నిజం చెప్పు. ఆ పొద్దున్న తల వాలిపోయాక కూడా రాత సాగింది. నా కళ్ళతో నేను చూశాను. ఆ వాక్యాలు ఎవరివి?"

"అమ్మవే నాన్నా. అంటే... చేయి బల్ల మీదే ఉంది కదా. స్పృహ ఎప్పుడు పోయిందో మనకి తెలీదు కదా."

"చదివావా?"

"చదివాను."

"పిచ్చిరాతలా?"

నీరజ తల అడ్డంగా ఊపింది. "కాదు. చాలా బాగున్నాయి."

ఆమె ఆ రోజే పరికరంలో ఒక హద్దు పెట్టింది. చేతి సంకేతం ఆ హద్దును దాటితే తప్ప ఇకపై అది ఒక్క అక్షరం కూడా రాయదు. ఇకపై తన తల్లి లేకుండా అది రాయలేదని తనకు తాను చెప్పుకుంది.

డాక్టర్ సన్యాసినాయుడు శ్రీకాకుళం వైపు మనిషి. పెద్ద చదువులు ఎంత దూరం తీసుకెళ్ళినా ఆయన మాటను అవి ముట్టుకోలేదు. "ఇదుగో, భాస్కరంగారూ. ఉబ్బు అలాగే ఉన్నాది. ఒకసారి కారీసింది. రేపు కారీవచ్చు, పదేళ్ళకీ కారకపోవచ్చు, నాను చెప్పలేను. మళ్ళీ కారితే మాత్రం మనిషి దక్కదు. తల తెరిచి దాని మొదట్లో క్లిప్పు పెట్టీవచ్చు. పెట్టీసినామంటే ఆ భయం పోద్ది. కానీ అది ఉన్న చోటు మాట పుట్టే చోటుకి ఆనుకునుంది. చెయ్యి తగిలితే ఉన్న నాలుగు మాటలూ పోవచ్చు. ప్రాణం కూడా బల్ల మీదే పోవచ్చు."

"మీరైతే ఏం చేస్తారు డాక్టరుగారూ?"

"నాను సర్జన్నండీ. నన్ను అడిగితే కొయ్యమంటాను. ఆవిడ్ని అడగండి."

ఆవిడను అడగడం ఎలాగో ఆయనే చూపించాడు. జేబులో కలం తీసి, "అమ్మా, ఇది చెంబా?" అన్నాడు. దమయంతి తలూపింది. "కలమా?" మళ్ళీ తలూపింది, అంతే గంభీరంగా. "ఇలగుంటాదండీ ఈ జబ్బు. అవును, కాదు అన్న మాటలే కలగాపులగం అయిపోతాయి. లోపల తెలివి ఉన్నాది. బయటికి వచ్చే దారే లేదు. కొందరికి నోటి దారి మూసుకున్నా చేతి దారి కొంచెం తెరిచి ఉంటాది. మీ పాప ఏదో మిషను చేసిందంట కదా?"

నీరజ ఆ మధ్యాహ్నమే పట్టీ తెచ్చింది. మంచానికి అడ్డంగా పెట్టే చక్రాల పలక మీద కీబోర్డు పెట్టి, తల్లి చేతిని దాని మీద ఉంచింది. ఏమీ రాలేదు. కారణం వెతికితే సులువుగానే దొరికింది. ఆ చేయి నేర్పిందంతా ఒకే బల్ల ముందు. మోచేయి బల్ల అంచున ఆనే చోటు, ముంజేయి వాలే కోణం, కుర్చీ ఎత్తు, ఇవన్నీ ఆ సంకేతంలో భాగాలు. మంచం మీద పడుకున్న చేయి పరికరానికి పరాయి చేయి.

అందువల్ల బల్ల ఆసుపత్రికి వచ్చింది. భాస్కరం ఓడరేవులో పనిచేసిన రోజుల్లో తెలిసిన కళాసీలు ఇద్దరు దాన్ని ర్యాంపు మీదుగా మోసుకొచ్చారు. వరండాలో రోగుల బంధువులు గోడకు అతుక్కుని దారిచ్చారు. "ఏటండీ ఇది, ఆసుపత్రికి ఆఫీసు తెచ్చీసినారు?" అన్నాడు సన్యాసినాయుడు. "వచ్చే వారం గేదెనీ తోలుకొస్తారేటి?" అన్నాడే గాని, బల్ల ఒక చివర తనే పట్టి గదిలోకి తిప్పించాడు.

సంకేతం చాలా బలహీనంగా ఉంది. నీరజ తను పెట్టిన హద్దు దగ్గర ఆగింది. దాన్ని అలాగే ఉంచితే ఒక్క అక్షరమూ రాదు. తగ్గిస్తే ఆ ఉదయం జరిగినది మళ్ళీ జరగవచ్చు. తల్లి మొహం చూసింది. దమయంతి కళ్ళు తెర మీదే ఉన్నాయి, ఆకలిగా. నీరజ హద్దు తగ్గించింది.

"అమ్మా, ఆపరేషన్ సంగతి. డాక్టరుగారు చెప్పింది విన్నావు కదా. నీ అభిప్రాయం రాయి."

చాలాసేపు కర్సర్ మిణుకుమంటూ ఉంది. తరువాత, తొందర లేకుండా, ఒక్కొక్క మాటే వచ్చింది.

ఈ శస్త్రచికిత్స చేయించుకోవలసిన అవసరం లేదు. ప్రాణం ఉన్నంత మాత్రాన మనిషి ఉన్నట్టు కాదు. నాకు మిగిలిన మాట కొంచెం. కత్తి ఆ కొంచెమూ తీసుకుపోవచ్చు. మాట పోయిన శరీరానికి కాపలా ఉండమని భర్తనూ కూతురినీ అడిగే హక్కు నాకు లేదు. నాళం చిట్లితే చిట్లనివ్వండి. అది దానంతట జరిగేది. శస్త్రచికిత్స మనం చేసేది. మనం చేయని పనికి మనం బాధ్యులం కాము.

అక్కడ కుడిచేయి బల్ల అంచు నుంచి జారింది. దమయంతి కళ్ళు మూతపడ్డాయి. నర్సు వచ్చి, ఇక చాలు, అలిసిపోయింది అంది.

భాస్కరం ఆ మాటలను నిలబడే చదివాడు. రెండోసారి చదవడానికి కుర్చీ లాక్కున్నాడు. "ఇదీ మీ అమ్మే," అన్నాడు. "ఇలా ఇంకెవరు రాస్తారు? ఒక్క మాట ఎక్కువ లేదు, తక్కువ లేదు." ఏడవడానికి మళ్ళీ వరండాలోకి వెళ్ళాడు.

భాస్కరం, నీరజ ఆపరేషన్ వద్దన్నారు. సన్యాసినాయుడు పెదవి విరిచి, ఆవిడ చెప్పాక నాదేటుంది అన్నాడు. దమయంతి ఇంటికి వచ్చింది, బల్లతో సహా.

ఇంటికి వచ్చిన తరువాత ఆమెకు శాంతి లేదు. "నువ్వు చెప్పినట్టే చేశాం దమయంతీ, ఎవరూ నిన్ను కొయ్యరు," అని భాస్కరం చేయి నిమిరితే ఆ చేయి విదిలించుకునేది. తలూపేది, అడ్డంగానూ నిలువుగానూ. ఎడమచేత్తో బల్లను చరిచేది. "వంతెన," అనేది, "వంతెన, వంతెన." వాళ్ళకు తెలిసిన వంతెనలన్నీ అడిగి చూశాడతను. పట్టీ కోసం ఆమె కుడి ముంజేతిని తడుముకోవడం కూడా చూశాడు. దురద అనుకుని కొబ్బరినూనె రాశాడు.

పట్టీ అప్పుడు ప్రయోగశాలలో ఉంది. నీరజ నివేదిక రాస్తోంది. మాట కోల్పోయిన రోగి, తన జీవితం గురించిన అతి కష్టమైన నిర్ణయాన్ని, హేతుబద్ధంగా, తన సొంత శైలిలో తెలియజేసింది. దానికంటే గొప్ప నిదర్శనం పరికరానికి దొరకదు. రాస్తున్నది తల్లి చావుకు సాక్ష్యమని ఆమెకు తెలియకపోలేదు. దుఃఖాన్ని ఏదో ఒక పనిలో పెట్టకపోతే అది తనను నిలవనివ్వదని, కంప్యూటర్ ముందు నుంచి లేవకుండా కూర్చుంది.

రెహానా కాన్పు సెలవు ముగించుకుని ఆ వారమే పనిలోకి వచ్చింది. నీరజ వెనక నిలబడి, తెర మీది పేరా చదివింది. కళ్ళు తుడుచుకుంది. కుర్చీ లాక్కుని మళ్ళీ చదివింది.

"రెండో సగం ఏదీ?" అంది.

"ఏ రెండో సగం?"

"మేడమ్ దీన్ని ఖండించింది ఏదే? ఇది పూర్వపక్షం కదా."

నీరజ ఆమె వైపు తిరిగింది.

"నీరజా, నువ్వు మేడమ్ కూతురివి. నేను చెప్పాలా నీకు? ఎదుటివాడి వాదన ముందు రాయాలి, వాడు రాసుకున్నదానికంటే బలంగా రాయాలి, 'వాళ్ళు ఇలా అంటారు' అని కూడా అనకూడదు, నువ్వే నమ్మినట్టు రాయాలి. అప్పుడే నీకు దాన్ని కాదనే అర్హత వస్తుంది. క్లాసులో చచ్చేవాళ్ళం. మొదటి గంటంతా రాసుకున్నది రెండో గంటలో మేడమే ముక్కలు చేసేవారు. ఆ చివరి వాక్యం చూడు. 'మనం చేయని పనికి మనం బాధ్యులం కాము.' మేడమ్ ఈ మాటని ఒప్పుకుంటారా? ఇది రాసినవాణ్ణి ఫెయిల్ చేస్తారు."

నీరజకు తెలుసు. ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఫ్లాటు కొనేముందు దమయంతి అది ఎందుకు కొనకూడదో ఒక సాయంత్రమంతా వాదించి, అందరినీ ఒప్పించి, ఆ తరువాతే కొనాలని తేల్చింది. పరికరం పనికి చేయి ఇవ్వమన్నప్పుడూ అంతే. అంతగా తెలిసినది కనుకనే అది తట్టలేదు. తల్లి గొంతు మళ్ళీ వినబడిందన్న సంతోషంలో, ఆ గొంతు ఇంకా ముగించలేదన్న సంగతి ఎవరికీ పట్టలేదు.

ఇద్దరూ ఆటో పట్టుకుని ఇంటికి వచ్చారు. పట్టీ చూడగానే దమయంతి గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. కుర్చీలో తనే ముందుకు జరిగింది. ఆగిపోయిన పేరా తెర మీద పెట్టారు. మాటలు ఈసారి వెంటనే వచ్చాయి.

అయితే, చేయకపోవడం కూడా చేసే పనులలో ఒకటే. ఆపగలిగి ఆపనివాడు బాధ్యుడే. మాట కొంచెమే మిగిలిందన్నది నిజం. కొంచెం మిగిలినదాన్ని కాపాడుకోవడానికే చికిత్స. నావారికి భారమవుతానని వారిని అడగకుండా నేనే తేల్చడం న్యాయం కాదు. కనుక శస్త్రచికిత్స జరగవలసిందే.

"అమ్మయ్య," అన్నాడు భాస్కరం. "అమ్మయ్య. వెధవని, నూనె రాశాను ఆ చేతికి. డాక్టరుకి ఫోను చెయ్యవే!"

నీరజ ఫోను తీసింది. తీస్తూ, అలవాటుగా, తెరలో పక్కనున్న చిన్న కిటికీ వైపు చూసింది. చేతి సంకేతం గీత రూపంలో కనబడే చోటది. గీత దాదాపు సమంగా, ఆడీ ఆడకుండా పడి ఉంది. నెత్తురు కారిన ఉదయపు గీత ఇలాగే ఉంది. ఆమె ఆసుపత్రి నాటి గీతను కూడా తెరిచింది. దానికీ దీనికీ తేడా లేదు. మూడుసార్లూ చేయి దాదాపు ఏమీ పంపలేదు.

"ఏమైంది?" అంది రెహానా. చూసింది. ఆమెకూ అర్థమైంది. "అయ్యో."

"ఏంటే? నాకు చెప్పండి," అన్నాడు భాస్కరం.

"అంకుల్, ఈ యంత్రం చదువుకున్నది మేడమ్ పుస్తకమే. వద్దు అన్నాక కావాలి అని రాయాలని దానికి బాగా తెలుసు. మేడమ్ మనసులో ఏమున్నా సంబంధం లేకుండా అదే వరుసలో రాస్తుంది. మొదటి సగం తెర మీద పెట్టి రెండో సగం ఏదీ అన్నాం. ఇచ్చేసింది."

"అంటే ఇది అబద్ధమా?"

"అబద్ధమని కాదు..."

"మొదటిది అబద్ధమా?"

"అదీ తెలీదు అంకుల్."

"మరి మీ అమ్మ ఏమంటోంది? అది చెప్పండి నాకు! ఇద్దరూ చదువుకున్నారు కదా!" అతను కూతురి మీద ఏనాడూ అంత గట్టిగా అరవలేదు. అరిచి, బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు.

నీరజ తల్లి చేతి నుంచి పట్టీ విప్పింది. పరికరాన్ని ఆపేసింది. తెర మీద రెండు పేరాలు మిగిలాయి, ఒకదాని కింద ఒకటి. కీబోర్డును తల్లి ఎడమచేతి కిందికి జరిపి, ఆమె మొహానికి తన మొహం దగ్గరగా పెట్టి, "ఇప్పుడిది మామూలు కంప్యూటరమ్మా," అంది. "ఇందులో నేను లేను. ఏ మీట నొక్కితే అదే పడుతుంది. ఏదైనా చెయ్యి."

దమయంతి ఎడమచేతి చూపుడువేలు మీటల మీద తిరిగింది, చీకట్లో స్విచ్చు కోసం గోడను వెతికినట్టు. రెండు అక్షరాలు పడ్డాయి. వాటికి అర్థం లేదు. వేలు కుడివైపు మూలకు వెళ్ళి, చెరిపే మీటను కనుక్కుని, అక్కడ ఆగింది. నొక్కింది. నొక్కి పట్టుకుంది.

కింది పేరా చివరి నుంచి కరగసాగింది. శస్త్రచికిత్స జరగవలసిందే అన్న మాటలు పోయాయి. భాస్కరం "వద్దంటోంది" అన్నాడు. వేలు లేవలేదు. ఆ పేరా అంతా పోయింది, పై పేరా కూడా చివరి నుంచి పోసాగింది. బాధ్యులం కాము అన్నది పోయింది. "కాదు, కావాలంటోందా?" అన్నాడు. మొదటి వాక్యం, మొదటి పదం, అన్నీ పోయి తెర తెల్లబడిన తరువాత కూడా వేలు కాసేపు అలాగే ఉంది.

తరువాత ఆమె కీబోర్డును అరచేత్తో నెట్టింది. అది బల్ల మీద జరిగి కూతురి ముందు ఆగింది.

నీరజ దాన్ని మళ్ళీ తల్లి వైపు జరిపింది. దమయంతి మళ్ళీ నెట్టింది, ఈసారి కోపంగా. "పెట్టె," అంది. "పెట్టె, నువ్వు." ఆ పెట్టె ఏదో ఎవరికీ తెలియదు. నువ్వు అన్న మాట మాత్రం గురి తప్పలేదు.

నీరజ కుర్చీ లాక్కుని కూర్చుంది. తల్లి సంకల్పాన్ని కనిపెట్టడానికి ఇన్నేళ్ళు పనిచేసింది. తన సంకల్పం ఏమిటని ఈ నెల రోజుల్లో ఎవరూ అడగలేదు, తనను తానూ అడగలేదు. తల్లి మాట తల్లిదే అని నమ్మినంతసేపూ ఆ ప్రశ్న రావలసిన అవసరం లేకపోయింది. వద్దన్నా కావాలన్నా భారం ఆ వాక్యానిదే. ఇప్పుడు వాక్యం లేదు.

ఆమె వేళ్ళు మీటల మీద తడబడ్డాయి. కొట్టింది.

నాకు అమ్మ కావాలి. ఆపరేషన్ చేయించండి.

భాస్కరం కళ్ళజోడు సర్దుకుని చదివాడు. "అంతేనా? కారణాలు రాయవేం? మీ అమ్మ చూస్తోంది."

"లేవు నాన్నా. ఇంతే ఉంది నా దగ్గర."

దమయంతి తెర వైపు వంగింది. ఎంత చదవగలిగిందో, ఏ మాట ఏ మాటగా అందిందో తెలియదు. చాలాసేపు చూసింది. ఆమె భుజాలు కదిలాయి. ఏడుస్తోందని రెహానా దగ్గరికి వెళ్ళి, ఆగిపోయింది. దమయంతి నవ్వుతోంది. నెత్తురు కారిన తరువాత మొదటిసారి, సగం పెదవితో, శబ్దం లేకుండా, కారణం ఒక్కటీ చూపని ఆ రెండు వాక్యాలను చూసి నవ్వుతోంది. ఆ నవ్వు ఒప్పుకోవడమో, ఎగతాళో, మరేదో నీరజ అడగలేదు. ఫోను తీసి సన్యాసినాయుడికి చేసింది.

"ఆవిడ ఒప్పుకున్నాదేటి?" అన్నాడాయన.

"తెలీదండీ. ఈసారి నేను అడుగుతున్నాను. నాన్న సంతకం చేస్తారు, నేనూ చేస్తాను."

"సరేనమ్మా. బల్ల మాత్రం తేవద్దు."

శస్త్రచికిత్స జరిగింది. ప్రాణానికి భయం తొలగింది. కత్తి ఏమీ తీసుకుపోలేదనలేము. మొదటి వారాల్లో దమయంతి పూర్తిగా మూగబోయింది. నీరజ ఆ వారాలు ఎలా గడిపిందో ఆమె ముఖమే చెప్పేది. మందులు ఇచ్చేటప్పుడు కూడా తల్లి కళ్ళలోకి చూడలేకపోయేది. వానలు మొదలయ్యే వేళకు మాటలు ఒకటొకటిగా తిరిగి వచ్చాయి. పేర్లు వచ్చాయి. నీళ్ళు నీళ్ళయ్యాయి. చదవగలుగుతోంది, వేలితో వరుస పట్టుకుని. అనుమాన ప్రమాణం మీది గ్రంథాన్ని మాత్రం తెరవలేదు. అందులో ఏ పుటలు తనవో వేరుచేయకుండా దాన్ని ముగించలేనని, నాలుగు మాటల్లో, విరామాలతో చెప్పింది. వేరుచేసే మార్గం ఎవరి దగ్గరా లేదు.

నీరజ నివేదిక అసంపూర్ణంగా ఉండిపోయింది. ప్రయోగశాల తొందరపెడుతోంది, ఎదురుచూస్తున్న రోగులు నిజంగానే ఉన్నారు. చివరికి ఒక సాయంత్రం, ఆ మొదటి పేరాను పెద్ద అక్షరాలతో అచ్చు తీసి తెచ్చి, తల్లి చేతిలో పెట్టింది. ఏమిటో చెప్పలేదు.

దమయంతి వేలు వరుసల వెంట నడిచింది. ఈ శస్త్రచికిత్స చేయించుకోవలసిన అవసరం లేదు. వేలు ఎక్కడా తడబడలేదు. చివరి వాక్యం దగ్గర ఆగి, కనుబొమలు ముడిచి, మళ్ళీ మొదటి నుంచి చదివింది. భాస్కరం టీవీ గొంతు తగ్గించాడు.

"బాగా... రాశారు," అంది దమయంతి. కాగితం మీద నుంచి తల ఎత్తి కూతురి వైపు చూసింది. "ఎవరు?"

నీరజ బల్ల అంచున కూర్చుంది.

"అది నిన్ను అడుగుదామనే తెచ్చానమ్మా."